పిల్లల ఎగ్జిమా: రక్త పరీక్షలో పెరిగిన అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

సంక్షిప్తంగా: ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి ఉన్న పిల్లల రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీ, ఈసినోఫిల్ అనే తెల్లకణాలు, టార్క్ అనే ప్రోటీన్ పెరిగి ఉండటం మామూలే. రోగనిరోధక వ్యవస్థ ఏ వైపు మొగ్గి ఉందో అవి చూపుతాయి. జబ్బు ఎగ్జిమానా కాదా, ఏ తిండి మానాలి అన్న ప్రశ్నలకు మాత్రం వాటంతట అవి జవాబు ఇవ్వలేవు. ఏ అంకె ఎందుకు పెరుగుతుందో, ఏ సందర్భంలో పరీక్ష నిజంగా అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందు రిపోర్టు, తర్వాత డాక్టర్

బెంగళూరులో నవంబరు దాటి గాలి పొడిబారేసరికి చాలా ఇళ్లలో పిల్లల గోకుడు ఎక్కువవుతుంది. పసివాళ్లకైతే బుగ్గలు, కాస్త పెద్దవాళ్లకైతే మోచేతి మడతలు, మోకాళ్ల వెనక భాగం ఎర్రబారి, పొక్కి, గోకినకొద్దీ రసి కారుతాయి. రాత్రి పిల్లలకూ నిద్ర ఉండదు, తల్లిదండ్రులకూ ఉండదు. చెన్నైలో గాలి తేమగానే ఉన్నా చెమట, ఏసీ గది కలిసి చర్మాన్ని అంతే ఇబ్బంది పెడతాయి.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఇప్పుడు డాక్టర్ అపాయింట్‌మెంట్ కంటే ల్యాబ్ టెస్టే తొందరగా దొరుకుతోంది. ఫోన్‌లో బుక్ చేస్తే ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తారు. ఒకటి రెండు రోజుల్లో ఫోన్‌కే రిపోర్టు వస్తుంది. ఉదాహరణకు నాలుగేళ్ల పిల్లకు టోటల్ ఐజీఈ 840 అని లావు అక్షరాల్లో, పక్కన పరిమితి 100 అని ఉంటుంది. దాన్ని చూసి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అనంతపురంలోనో చిత్తూరులోనో ఉన్న అమ్మమ్మ పత్యం పెట్టమంటుంది. గుడ్డు, వంకాయ, గోంగూర, రొయ్యలు, చివరికి పాలు కూడా ఒక్కొక్కటే కంచంలోంచి మాయమవుతాయి. నెల గడిచినా గోకుడు తగ్గదు. పిల్ల బరువు మాత్రం పెరగడం ఆగుతుంది.

ఈ గొలుసులో మొదటి పొరపాటు రక్త పరీక్షతో ఎగ్జిమాను తేల్చవచ్చని అనుకోవడం. ఎగ్జిమాను డాక్టర్ కంటితో చూసి, కుటుంబ చరిత్ర అడిగి నిర్ధారిస్తారు. 1980లో హనిఫిన్, రాజ్కా అనే వైద్యులు రూపొందించిన ప్రమాణాల్లో దురద, మచ్చలు వచ్చే చోటు, తగ్గుతూ తిరగబెట్టే తీరు, కుటుంబంలో ఆస్తమా లేదా ఎలర్జీ ఉండటం ప్రధాన లక్షణాలు. రక్తంలో ఐజీఈ పెరగడాన్ని వాళ్లు చిన్న లక్షణాల జాబితాలో చేర్చారు. తర్వాత బ్రిటన్‌లో తయారైన ప్రమాణాల్లో రక్త పరీక్ష ఊసే లేదు.

చర్మంలో మొదలై రక్తం దాకా

చర్మం పైపొరను బిగువుగా ఉంచే ప్రోటీన్లలో ఫిలాగ్రిన్ ఒకటి. దాన్ని తయారుచేసే జన్యువులో లోపాలున్న వాళ్లకు ఎగ్జిమా ముప్పు ఎక్కువని 2006లో తేలింది. అంతకుముందు దీన్ని లోపలి జబ్బుగా, రక్తం చెడి చర్మం మీదకు తన్నుకొచ్చినదిగా చూడటమే ఎక్కువ. మన ఇళ్లలో ఇప్పటికీ అదే మాట వినిపిస్తుంది. 2006 తర్వాత చాలామంది పిల్లల విషయంలో కథ బయటి నుంచి లోపలికి నడుస్తుందని గట్టిగా చెప్పడానికి ఆధారం దొరికింది.

పైపొర బలహీనపడితే నీరు బయటికి ఆవిరవుతుంది. దుమ్ము, సబ్బు, సూక్ష్మక్రిములు లోపలికి చొరబడతాయి. దెబ్బతిన్న చర్మకణాలు టీఎస్‌ఎల్‌పీ, ఇంటర్ల్యూకిన్-33 వంటి ప్రమాద సంకేతాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో టీహెచ్-2 అనే తెల్లకణాలు చురుకవుతాయి. రక్త పరీక్షలో కనిపించే మార్పులు చాలావరకు ఈ కణాలు వదిలే రసాయనాల ఫలితమే. ఇంటర్ల్యూకిన్-4, 13 అనేవి యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలను ఐజీఈ తయారీ వైపు మళ్లిస్తాయి. ఇంటర్ల్యూకిన్-5 ఎముక మజ్జలో ఈసినోఫిల్ కణాలను పెంచుతుంది. ఇంటర్ల్యూకిన్-31 నరాలను తాకి దురద పుట్టిస్తుంది. ఇక్కడే చక్రం మూసుకుంటుంది. ఇంటర్ల్యూకిన్-4, 13 చర్మంలో ఫిలాగ్రిన్ తయారీని తగ్గిస్తాయి, దురదతో గోకడం మిగిలిన పైపొరనూ చీలుస్తుంది, మళ్లీ సంకేతాలు బయల్దేరతాయి.

కాబట్టి రక్తంలోని అంకెల్లో పెద్ద భాగం చర్మంలో జరిగినదానికి ప్రతిఫలనం. ఈ ఒక్క సంగతి పట్టుబడితే రిపోర్టు చదివే పద్ధతే మారిపోతుంది.

ఐజీఈ: పెద్ద అంకె, పరిమితమైన అర్థం

ఐజీఈని 1960ల చివర్లో జపాన్‌కు చెందిన ఇషిజాకా దంపతులు అమెరికాలో, యోహాన్సన్, బెన్నిక్ స్వీడన్‌లో విడివిడిగా గుర్తించారు. 1968లో దానికి ఆ పేరు ఖరారైంది. శరీరంలో దాని అసలు పని జరిగేది రక్తంలో కాదు. చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని, తనకు సరిపోయే పదార్థం తగలగానే దురద, వాపు తెచ్చే హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుంది. అలా అతుక్కున్నది వారాల తరబడి ఉంటుంది. రక్తంలో తేలుతున్న ఐజీఈ మాత్రం రెండు మూడు రోజుల్లోనే సగానికి పడిపోతుంది. ల్యాబ్ కొలిచేది ఈ తేలుతున్న భాగాన్నే. అపార్ట్‌మెంట్ మేడ మీద ట్యాంకు పొర్లుతుంటే కింద మోటారు నడుస్తోందని తెలుస్తుంది, ఏ ఫ్లాట్‌లో పైపు కారుతోందో తెలియదు. టోటల్ ఐజీఈ చెప్పేదీ ఆ మేరకే.

వయసు సంగతి మరొకటి. పుట్టినప్పుడు ఐజీఈ దాదాపు ఉండదు. పదేళ్లు, పదిహేనేళ్ల మధ్య ఎక్కువ స్థాయికి చేరి తర్వాత తగ్గుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు 60, పది నుంచి పదిహేనేళ్ల వాళ్లకు 200 వరకు మామూలని చాలా ల్యాబ్‌లు లెక్కిస్తాయి. కొన్ని రిపోర్టుల్లో మాత్రం పెద్దవాళ్ల పరిమితి ఒక్కటే అచ్చవుతుంది. పైగా ఈ పరిమితులు చాలావరకు పాశ్చాత్య దేశాల పిల్లల నుంచి తీసినవి. నేల మీద ఆడుకుని, పేగుల్లో పురుగులు చేరే అవకాశం ఎక్కువున్న చోట ఐజీఈ సహజంగానే ఎక్కువగా ఉంటుంది.

ఐజీఈ పెరిగితే ఎగ్జిమా ఉన్నట్టు కాదు, మామూలుగా ఉంటే లేనట్టూ కాదు. ఎగ్జిమా ఉన్నవాళ్లలో సుమారు ఐదో వంతు మందికి అది మామూలుగానే ఉంటుంది. తీవ్రమైన ఎగ్జిమాలో సగటున ఎక్కువే అయినా, ఒకే పిల్లలో చర్మం బాగుపడిన వారానికి ఐజీఈ తగ్గిపోదు. నెలకోసారి ఐజీఈ పరీక్ష చేయించి మందు పని చేస్తోందో లేదో చూడటం అందుకే దండగ. బరువైన మాటే, కానీ సూది చూసి ఏడ్చే మూడేళ్ల పిల్లవాడి చేతిని నలుగురు పట్టుకునే పని అనవసరంగా చేయకూడదు.

ఇస్నోఫీలియా అనే పాత పరిచయం

తెలుగువాళ్లకు బాగా తెలిసిన రక్త పరీక్ష మాట ఇదే కావచ్చు. ఎడతెగని తుమ్ములు, దగ్గు ఉన్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి ఇస్నోఫీలియా ఉందని చెప్పుకుంటారు. నిజానికి అది జబ్బు పేరు కాదు, ఈసినోఫిల్ కణాలు పెరిగాయన్న లెక్క మాత్రమే.

ఆ లెక్కను శాతంలో చదవడం మోసపుచ్చుతుంది. తెల్లకణాలు 12,000 ఉన్న పిల్లలో 8 శాతం అంటే 960 ఈసినోఫిల్స్. 5,000 ఉన్న పిల్లలో అదే 8 శాతం అంటే 400, అంటే మామూలే. చూడాల్సింది ఏఈసీ అని రాసే పూర్తి సంఖ్య. మైక్రోలీటరుకు 500 దాటితే పెరిగినట్టు, 1,500 దాటి అలాగే ఉంటే ఇతర కారణాలు వెతకాలి. ఈ సంఖ్య రోజులోనే మారుతుంది. శరీరంలోని కార్టిసాల్ హార్మోన్ హెచ్చుతగ్గులను బట్టి రాత్రి ఎక్కువగా, పగటిపూట తక్కువగా ఉంటుంది. ముందు రోజు స్టెరాయిడ్ సిరప్ వేసి ఉంటే గంటల్లోనే బాగా పడిపోతుంది. కాబట్టి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో తీసిన రెండు రిపోర్టులను పోల్చి బాగైంది, చెడింది అనడం కష్టం.

దక్షిణ భారతంలో మరో చిక్కు ఉంది. ఏలికపాములు, కొంకిపురుగులు, కుక్కల మలం కలిసిన మట్టి నుంచి వచ్చే టాక్సోకారా, ఫైలేరియా, ఇవన్నీ ఈసినోఫిల్స్‌నూ ఐజీఈనీ రెండింటినీ పెంచుతాయి. గజ్జి కూడా పెంచగలదు. రాత్రిపూట దురద, ఇంట్లో మరొకరికీ అదే గోకుడు, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటే ముందు అనుమానించాల్సింది గజ్జినే. దానికి ఎగ్జిమా క్రీములు రాసుకుంటూ పోతే జబ్బు దాగి ముదురుతుంది. ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో జరిగే జాతీయ నులిపురుగుల నివారణ కార్యక్రమంలో ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ల లోపు వాళ్లకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ప్రైవేటు స్కూల్లో చదివే పిల్లలకు అది అందిందా లేదా అని అడగడం ఖరీదైన ఎలర్జీ ప్యాకేజీ కంటే ముందు చేయాల్సిన పని.

జపాన్ కొలిచే టార్క్

చర్మంలో ఇప్పుడు మంట ఎంత ఉంది అన్నదానికి ఐజీఈ, ఈసినోఫిల్స్ కంటే దగ్గరగా నడిచే అంకె టార్క్. చర్మంలోని కణాలు విడుదల చేసే ఈ ప్రోటీన్ టీహెచ్-2 కణాలను చర్మం వైపు రప్పిస్తుంది. చర్మం ఎర్రబడితే పెరుగుతుంది, మందుతో చల్లబడితే వారాల్లోనే తగ్గుతుంది. జపాన్‌లో 2008 నుంచి ఈ పరీక్షకు ప్రజా ఆరోగ్య బీమా వర్తిస్తోంది. చర్మం పైకి బాగైనట్టు కనిపించినా లోపల మంట మిగిలి ఉందేమో చూసి, క్రీమును వెంటనే ఆపాలా మెల్లగా తగ్గించాలా అని నిర్ణయించడానికి అక్కడి వైద్యులు దీన్ని వాడతారు.

వయసు ఇక్కడా ముఖ్యమే. ఐజీఈ వయసుతో పెరిగితే, టార్క్ పసితనంలోనే ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో చెబితే జపాన్‌లో పెద్దవాళ్లకు పరిమితి 450, రెండేళ్లు దాటిన పిల్లలకు 743, ఆరు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకు 1,367. పెద్దవాళ్ల గీతతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న పసిపాప కూడా రోగిలా కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్ల నుంచి కూడా టార్క్ విడుదలవుతుంది కనుక నమూనాను తీసి ఉంచే పద్ధతిని బట్టి ఫలితం మారుతుంది. మన దగ్గర మామూలు ప్యాకేజీల్లో ఇది భాగం కాదు. లేనందుకు ఏ పిల్లవాడి చికిత్సా ఆగదు కూడా.

రొయ్యలకు పాజిటివ్, తింటే ఏమీ కాదు

ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే. ఒక్కో పదార్థానికి విడిగా ఐజీఈ ఉందేమో చూసే ప్యానెల్ పరీక్షల్లో 0.35 దాటితే పాజిటివ్ అని రాస్తారు. దాని అర్థం ఆ పదార్థాన్ని గుర్తుపట్టే ఐజీఈ దొరికిందని. తింటే ఒంటికి పడదని కాదు. టోటల్ ఐజీఈ వేలల్లో ఉన్న పిల్లలో ఎన్నో పదార్థాలకు కొద్దికొద్దిగా పాజిటివ్ రావడం సహజం.

చెన్నై వంటి తేమ నగరంలో రొయ్యల ఉదాహరణ బాగా పనికొస్తుంది. పరుపుల్లో, దిండ్లలో బతికే దుమ్ము పురుగుల కండరాల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. బొద్దింకలో, రొయ్యలో, పీతలో కూడా దాదాపు అలాంటిదే ఉంటుంది. దుమ్ము పురుగులకు తయారైన ఐజీఈ పరీక్ష గొట్టంలో రొయ్య ప్రోటీన్‌ను కూడా పట్టుకోవచ్చు. అందుకే నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడి, వారం వారం రొయ్యల ఇగురు సుఖంగా తింటున్న పిల్లవాడికి కూడా రిపోర్టులో రొయ్యలు పాజిటివ్ రావచ్చు. ఇబ్బంది లేకుండా తింటున్నదాన్ని కాగితం చూసి ఆపాల్సిన పని లేదు.

అలాగని ఆహార ఎలర్జీని కొట్టిపారేయడానికీ లేదు. మధ్యస్థం నుంచి తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లల్లో మూడో వంతుకు పైగా నిజమైన ఆహార ఎలర్జీ ఉన్నట్టు 1998లో అమెరికాలో ఒక అధ్యయనం చూపింది. అది పెద్దాసుపత్రికి పంపిన పిల్లల లెక్క, వీధిలో కనిపించే ప్రతి ఎగ్జిమాకూ వర్తించదు. నిజమైన ఎలర్జీ గుర్తు వేగం. తిన్న నిమిషాల్లో, సాధారణంగా రెండు గంటల లోపు దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, పిల్లికూతలు వస్తాయి. అలాంటి చరిత్ర ఉన్నప్పుడు ఆ ఒక్క పదార్థానికి చేసే పరీక్షకు విలువ ఉంటుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే ఆసుపత్రిలో, డాక్టర్ ఎదుట కొద్దికొద్దిగా తినిపించి చూడటమే చివరి తీర్పు.

అనవసరపు పత్యానికి పోషణ లోపాన్ని మించిన ప్రమాదం ఉంది. ఐజీఈ ఉన్నా ఒక పదార్థాన్ని రోజూ తినే పిల్లల పేగులు దాన్ని సహించడం నేర్చుకుని ఉంటాయి. నెలల తరబడి ఆపేసి మళ్లీ పెడితే, అప్పటిదాకా లేని తీవ్ర రియాక్షన్ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. దీనికి మరోవైపు, లండన్‌లో 640 మంది పసిపిల్లలతో జరిగి 2015లో వెలువడిన లీప్ అధ్యయనం ఉంది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న పిల్లలకు ఏడాది లోపే వేరుశనగ పెట్టడం మొదలుపెడితే, ఐదేళ్లకు వేరుశనగ ఎలర్జీ 3.2 శాతం మందిలోనే కనిపించింది. మానిపించిన వాళ్లలో అది 17.2 శాతం. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పసివాళ్లకు మొదటిసారి పెట్టేముందు డాక్టర్‌ను అడగాలి, గింజలుగా కాకుండా మెత్తటి ముద్దగా పెట్టాలి.

నోటి ద్వారా వెళ్లినది సహనాన్ని, పగిలిన చర్మం ద్వారా వెళ్లినది ఎలర్జీని పెంచుతుందన్నది ఇప్పుడు బలపడిన వివరణ. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడిన రెండు వేల మందికి పైగా గోధుమ ఎలర్జీ బారిన పడ్డారు, 2011లో ఆ సబ్బును వెనక్కి తీసుకున్నారు. ఆ తర్కం మన స్నానాల గదికీ వర్తిస్తుంది. రసి కారే చర్మం మీద శనగపిండి, పెసరపిండి, మీగడ కలిపి నలుగు పెట్టి రుద్దడం పైపొరను గీరుతుంది, ఆహార ప్రోటీన్‌ను తప్పుడు దారిలో లోపలికి పంపే వీలూ కల్పిస్తుంది. వంకాయ మానిపించి నలుగు కొనసాగించడం కంటే నలుగు మానిపించి వంకాయ పెట్టడం ఎగ్జిమా పిల్లలకు మేలు.

ఇక ఐజీజీ అనే వేరే యాంటీబాడీని కొలిచి వందల పదార్థాలకు ఫుడ్ ఇంటాలరెన్స్ అని చెప్పే ప్యాకేజీలు ఉన్నాయి. ఐజీజీ ఉండటం ఆ పిల్ల ఆ పదార్థాన్ని తిన్నదన్న గుర్తు మాత్రమే. ఆహార ఎలర్జీ నిర్ధారణకు వీటిని వాడవద్దని ఐరోపా ఎలర్జీ అకాడమీ 2008లోనే స్పష్టంగా చెప్పింది.

రక్త పరీక్ష రూపంలో దొరకని ఎలర్జీ కూడా ఒకటుంది. బెంగళూరు ఖాళీ సైట్లలో విరివిగా పెరిగే వయ్యారిభామ మొక్క వల్ల వచ్చే చర్మవ్యాధి ఐజీఈ ద్వారా కాక టీ కణాలు అనే తెల్లకణాల ద్వారా నేరుగా వస్తుంది. ఎక్కువగా పెద్దవాళ్లలో కనిపించే దాన్ని వీపు మీద ప్యాచ్‌లు అంటించి పరీక్షిస్తారు.

రక్తం తీయక తప్పని సందర్భాలు

కొన్ని లక్షణాలుంటే ఆలస్యం చేయకూడదు. ఎగ్జిమాతో పాటు చీముగడ్డలు, న్యుమోనియా పదే పదే వస్తూ, ఐజీఈ 2,000 దాటి ఉంటే హైపర్ ఐజీఈ సిండ్రోమ్ అనే అరుదైన రోగనిరోధక లోపాన్ని అనుమానిస్తారు. దానికి ప్రధాన కారణమైన స్టాట్-3 జన్యు లోపం 2007లో బయటపడింది. అయితే తీవ్రమైన మామూలు ఎగ్జిమాలోనూ ఐజీఈ అంతకంటే ఎక్కువ ఉండొచ్చు కనుక, తేడా చెప్పేది ఇన్‌ఫెక్షన్ల చరిత్రే. మగపిల్లవాడికి ఎగ్జిమాతో పాటు ఒంటి మీద రక్తపు చుక్కలు, ముక్కు నుంచి రక్తం, తరచూ చెవి చీము ఉంటే ప్లేట్‌లెట్ల సంఖ్య చూడాలి. అది తక్కువగా ఉంటే విస్కాట్ ఆల్డ్రిచ్ సిండ్రోమ్ కావచ్చు. ఇక్కడ రక్తకణాలను లెక్కించే మామూలు సీబీసీ పరీక్షే ప్రాణం కాపాడగలదు. ఇలాంటి పిల్లలను బెంగళూరులోని ఇందిరాగాంధీ పిల్లల ఆరోగ్య సంస్థ, చెన్నై ఎగ్మూరులోని పిల్లల ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రులకు పంపడం మంచిది.

బరువు పెరగని పిల్లలో, చాలాకాలం పత్యంలో ఉన్న పిల్లలో హిమోగ్లోబిన్, ఐరన్, ప్రోటీన్ చూడాల్సి వస్తుంది. రోగనిరోధక వ్యవస్థను అణిచే సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ వంటి మందులు మొదలుపెట్టే ముందు, తర్వాత చేసే పరీక్షలు మందు భద్రత కోసం. వాటిని వదలకూడదు.

పరిశోధన ఏ దిక్కుగా

ఐజీఈ, ఈసినోఫిల్స్ ఒక్కొక్కటి విడిగా ఇంత తక్కువ చెబితే, చాలా గుర్తులను కలిపి చూస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్న సహజం. నెదర్లాండ్స్‌లో 193 మంది పెద్దవాళ్ల రక్తంలో అనేక గుర్తులను కొలిచి, పైకి ఒకేలా కనిపించే ఎగ్జిమాలో నాలుగు రకాల లోపలి తీరులు ఉన్నాయని 2017లో చూపారు. పిల్లలకు దాన్ని నేరుగా వర్తింపజేయలేం. పసితనంలో చర్మంలోని మంట తీరు పెద్దవాళ్లతో పోలిస్తే కొంత వేరుగా ఉంటుంది. ఇంటర్ల్యూకిన్-4, 13 రెండింటి దారినీ అడ్డుకునే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2017లో పెద్దవాళ్లకు, 2022లో ఆరు నెలలు దాటిన పిల్లలకు అనుమతి వచ్చింది. దాన్ని మొదలుపెట్టడానికి కూడా ఐజీఈ ఇంత ఉండాలన్న నియమం లేదు. చర్మం తీవ్రతే కొలమానం.

2023లో వెలువడిన జపాన్ అధ్యయనం చికిత్స వరసకు సంబంధించి కీలకమైనది. ఎగ్జిమా మొదలైన పసిపిల్లల్లో కొందరికి చర్మానికి గట్టి చికిత్స, కొందరికి మామూలు చికిత్స ఇచ్చారు. 28 వారాల వయసుకు గుడ్డు ఎలర్జీ మొదటి గుంపులో 31.4 శాతం, రెండో గుంపులో 41.9 శాతం మందిలో కనిపించింది. చర్మాన్ని తొందరగా బాగుచేస్తే ఎలర్జీ పుట్టే అవకాశమే తగ్గుతుందన్న మాట. స్టెరాయిడ్ క్రీములు ఎక్కువ వాడిన గుంపులో పిల్లల ఎదుగుదల కాస్త తగ్గింది కూడా. అందుకే అదే మోతాదును అందరికీ సిఫారసు చేయడం లేదు.

సూది అవసరం లేని దారులూ తెరుచుకుంటున్నాయి. డెన్మార్క్‌లో రెండు నెలల పసిపిల్లల చర్మం మీద చిన్న టేపు ముక్కలు అంటించి తీసి, వాటికి అంటుకున్న పైపొరలో టార్క్‌ను కొలిచారు. ఎక్కువగా ఉన్న పిల్లల్లో తర్వాత ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. అలాంటి పరీక్ష మన క్లినిక్‌లకు వచ్చేదాకా, పోయెమ్ అనే ఏడు ప్రశ్నల కాగితం ఉంది. గత వారంలో ఎన్ని రోజులు దురద పెట్టింది, ఎన్ని రాత్రులు నిద్ర చెడింది, ఎన్ని రోజులు రసి కారింది వంటివి అడిగి 28కి మార్కులు వేస్తుంది. ఖర్చు లేకుండా ఇంట్లోనే, వారం వారం తల్లి లేదా తండ్రి నింపవచ్చు. మందు పని చేస్తోందా అన్న ప్రశ్నకు నెల నెలా తీసే ఐజీఈ కంటే ఆ కాగితమే డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది.